వీపు కింద మూడో పేజీ

మా బావ రామమోహన్ కాగితం లేకుండా మంచినీళ్లు కూడా తాగడు. మందుల కంపెనీలో క్వాలిటీ మేనేజరు. మాత్ర గుండ్రంగా ఉందని ఒకడు రాసి సంతకం పెట్టాలట, ఆ సంతకం సరిగ్గానే ఉందని ఇంకొకడు సంతకం పెట్టాలట, అప్పుడుగానీ మాత్ర గేటు దాటదట. ఇంట్లోనూ అంతే. పెరుగు ఏ రోజు తోడేసిందీ గిన్నె మీద చీటీ ఉంటుంది. అలాంటి మనిషి శనివారం పొద్దున్నే పద్నాలుగు కాగితాలకు క్లిప్పు పెట్టి తెచ్చి నా చేతిలో పెట్టాడు.

"ఇదిగో ఆంజనేయులూ, నీ కోసమే ప్రింట్ తీశాను. సేమ్ మోడల్, సేమ్ ఇయర్. స్టీరింగ్ ర్యాక్ ఎలా మార్చాలో స్టెప్ బై స్టెప్ ఉంది. ఒక్కో స్టెప్ అవగానే పక్కన టిక్ పెట్టుకో."

పెన్ను కూడా ఇచ్చాడు.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఏడో తరగతి మధ్యలో బడి మానేసి విజయవాడ ఆటోనగర్‌లో భీమశంకరం మేస్త్రీ షెడ్డులో చేరినప్పుడు నాకు పన్నెండేళ్లు. అప్పట్నుంచి ముప్పై మూడేళ్లు బళ్ల కిందే బతికాను. నా చేతికి ఎవరైనా ఏదైనా ఇస్తే పానా ఇచ్చారుగానీ పెన్ను ఇవ్వలేదు. ఆ ముక్క అందామనుకుని మింగేశాను. ఉంటున్నది వాళ్ల బేస్‌మెంట్‌లో మరి.

మా అక్క వసుమతి నా కోసం కాగితాలు పెట్టిన పన్నెండేళ్లకు వీసా వచ్చింది. నిరుడు నేనూ, మా ఆవిడ రజినీ ఇక్కడికి, పిస్కాటవేకి, వచ్చి పడ్డాం. వచ్చిన నెలకే తెలిసింది, ఈ దేశంలో కారు లేని మగవాడు లగేజీతో సమానమని. ఎడిసన్‌లో ఇండియన్ కొట్టు గోడౌన్‌లో బియ్యం బస్తాలు దించే పని దొరికింది. పొద్దున అక్క దింపాలి, సాయంత్రం ఎవరో ఒకరు ఎక్కించుకోవాలి. నిన్నగాక మొన్న మీసాలొచ్చిన స్టూడెంట్ కుర్రాళ్లు "అంకుల్, సీట్‌బెల్ట్" అని నాకు చెప్తారు. వాళ్ల కారు ముందు చక్రం బేరింగు పోయి గుయ్యిమంటుంటే వాళ్లకి వినపడదు, నాకు వినపడుతుంది. చెప్తే, "ఇట్స్ ఓకే అంకుల్" అంటారు.

ఇంతలో డనెల్లెన్‌లో టోనీ అనే ముసలాయన గ్యారేజీలో మనిషి కావాలని తెలిసింది. వెళ్లాను. ఆయన కళ్ల ముందే ఒక బండికి బ్రేకులు వేసి చూపించాను. నా చేతులు చూశాడు. "సోమవారం ఏడింటికి రా. నీ పనిముట్లు నువ్వే తెచ్చుకో. కారు ఉందిగా? ఇటు బస్సు రాదు" అన్నాడు. ఉందని చెప్పేశాను.

ఉన్న కారల్లా అక్క పాత బండి. తొంభై ఏడు మోడల్ జపాన్ కారు. స్టీరింగ్ ర్యాక్, అంటే స్టీరింగ్ తిప్పితే ముందు టైర్లను తిప్పే కడ్డీ గొట్టం, లీకై ఇంటి ముందు డ్రైవ్‌వే నిండా ఎర్రటి ఆయిలు మరకలు. స్టీరింగ్ చక్రం తిప్పితే దూడ అరిచినట్టు అరుస్తుంది. సర్కారు ఇన్‌స్పెక్షన్‌లో ఫెయిలయ్యి అద్దం మీద ఎర్ర స్టిక్కరు పడింది. బావ అక్కకి కొత్త కారు కొని, దీన్ని ఏదో ధర్మ సంస్థకి దానం రాసేశాడు. సోమవారం తొమ్మిదింటికి వాళ్ల టో ట్రక్ వచ్చి లాక్కుపోతుంది. ఈలోపల నేను అడిగాను. రెండు రోజులు ఆలోచించి చెప్పాడు.

"సోమవారం పొద్దుటికి ఇన్‌స్పెక్షన్ పాసయ్యే కండిషన్‌లో ఉంటే కారు నీది. లేకపోతే ట్రక్ వాడిది. ఆల్రెడీ రెండుసార్లు పికప్ డేట్ మార్చాను, మళ్లీ మారిస్తే వాళ్లు రారు."

అదీ సంగతి. రెండు రోజుల్లో ర్యాక్ ఎక్కితే నేను మెకానిక్కుని. ఎక్కకపోతే బియ్యం బస్తా.

శనివారం ఎనిమిదింటికి కారు జాకీ మీద లేపి, కింద స్టాండ్లు పెట్టాను. ఆటోనగర్‌లో బండి కింద దూరేముందు పాత పేపర్లు పరుస్తాం. ఒంటికి నేల చల్లదనం తగలదు, ఆయిలు పడినా పీల్చుకుంటుంది. అక్క వాళ్లింట్లో వెతికితే ఒక్క న్యూస్‌పేపర్ లేదు, అంతా కంప్యూటర్లోనే చదువుతారు. చేతిలో బావ ఇచ్చిన పద్నాలుగు కాగితాలు ఉన్నాయి. క్లిప్పు పీకి వరసగా పరిచాను.

రజిని టార్చిలైటు పట్టుకుని పక్కనే నిలబడింది. ఆవిడ ఇంటర్ పాసైంది. ఆ సంగతి పెళ్లైన పాతికేళ్లుగా నేను మర్చిపోయే అవకాశం ఇవ్వలేదు.

"ఏమండీ, అవి అన్నయ్యగారు చదువుకోమని ఇచ్చినవి కదా?"

"చదివాన్లే."

"ఎప్పుడు? ఇప్పుడే కదా చేతికిచ్చింది. పోనీ నేను చదివి చెప్పనా? మీరు చేసుకుంటూ పోండి."

"నువ్వు చదివి నాకు పని నేర్పుతావా? లైటు సరిగ్గా పట్టుకో, చాలు."

పట్టుకుంది. సరిగ్గా నా కళ్లల్లోకి.

మా ఊళ్లో అయితే ఈ పని ఒక పూట. ఇక్కడ చలికాలం రోడ్ల మీద మంచు కరగడానికి ఉప్పు జల్లుతారు. ఆ ఉప్పు బండి కింద చేరి నట్లన్నిటినీ తినేస్తుంది. బొగ్గుముక్కల్లా ఉన్నాయి. ఎడమ చక్రాన్ని ర్యాక్‌కి కలిపే టై రాడ్డు నట్టు ఒక్కటే రెండు గంటలు పట్టింది. తుప్పు వదిలే నూనె కొట్టాను, కొట్టి ఆగాను, మళ్లీ కొట్టాను. పానాకి పైపు తగిలించి వేలాడాను. పైపు అంటే అక్క వాళ్ల పెరట్లో గొడుగు కర్ర. అది వంగింది, నట్టు కదల్లేదు. గ్యాసు మంట పెట్టి ఎర్రగా కాల్చి సుత్తితో నాలుగు బాదితే అప్పుడు దిగొచ్చింది. దిగొచ్చేటప్పుడు నా బొటనవేలు తోలు కూడా తీసుకొచ్చింది.

అరగంటకోసారి బావ కాఫీ కప్పుతో బయటికొచ్చేవాడు. దగ్గరికి రాడు, గరాజ్ తలుపు దగ్గర నిలబడి కేకేస్తాడు.

"ఏ స్టెప్‌లో ఉన్నావ్ ఆంజనేయులూ?"

"స్టెప్ లేదు బావా, తుప్పు ఉంది."

"టార్క్ వాల్యూస్, ఏ బోల్టు ఎంత బిగించాలో, తొమ్మిదో పేజీలో ఉన్నాయి, చూసుకో."

తొమ్మిదో పేజీ నా మోకాలి కింద ఉంది.

మధ్యాహ్నం అక్క పప్పన్నం కలిపి ప్లేటులో తెచ్చింది. "ఒరేయ్ ఆంజీ, చేతులు కడుక్కుని తినరా. ఆ గొడుగు కర్ర ఏంట్రా అలా అయింది?" అంది. చేతులు కడుక్కుని తిన్నాను. సాయంత్రానికి రెండు ఆయిలు పైపులూ ఊడాయి, ఒకటి మొహం మీదే ఊడింది. పాత ర్యాక్ ఒక వైపు బోల్టులు వదిలింది, ఇంకో వైపు వదల్లేదు. చీకటి పడింది, వదిలేసి లోపలికి పోయాను. ఆ రోజు నేను తిట్టిన తిట్లు పక్కింటి వాళ్లకి తెలుగు రాదు కాబట్టి సరిపోయింది.

ఆదివారం పదింటికి పాత ర్యాక్ చక్రం సందులోంచి బయటికొచ్చింది. పసిబిడ్డని తీసినట్టు రెండు చేతులా పట్టుకుని తీశాను, అది వాపసిస్తేనే కొత్త ర్యాక్ అమ్మిన కొట్టువాడు కొంత డబ్బు తిరిగిస్తాడు కాబట్టి. కొత్తది ఎక్కించేముందు దాని ఇరుసు ఆ చివరి నుంచి ఈ చివరికి తిప్పి, చుట్లు లెక్కపెట్టి, సగం దగ్గర ఆపి సుద్దముక్కతో గీత గీశాను. భీమశంకరం మేస్త్రీ నేర్పిన పద్ధతి. ర్యాక్ సగంలో ఉండాలి, లోపల స్టీరింగ్ చక్రం తిన్నగా ఉండాలి, అప్పుడు రెండింటినీ కలిపే జాయింటు బిగించాలి. ఇంతే రహస్యం.

ఆ జాయింటే దిగలేదు. పళ్లు పళ్లతో కలవాలి. నేను కింద పడుకుని తోస్తుంటే వెంట్రుకవాసిలో ఆగిపోతోంది. పైనుంచి స్టీరింగ్ చక్రాన్ని కొద్దిగా కదిపితే దిగుతుంది. చక్రానికి తాళం పడి ఉంది. రజినిని సీట్లో కూర్చోమన్నాను.

"తాళంచెవి పెట్టి ఒక్క మెట్టు తిప్పు. ఇంజను స్టార్ట్ చెయ్యకు తల్లీ, నేను కింద ఉన్నాను."

"తిప్పాను."

"ఇప్పుడు చక్రం తిప్పు. మెల్లగా."

"ఎటు?"

"కుడికి."

"తిప్పాను. చాలా తేలిగ్గా ఉందండీ, ఫ్యాను రెక్క తిరిగినట్టు."

"కింద ఏమీ తగిలించలేదు కదా, తేలిగ్గా ఉండదా మరి? ఇంకా తిప్పు. ఇంకా. ఆగు. ఎడమకి. తిప్పుతూ ఉండు, నేను ఆపమనేదాకా."

అలా ఎన్ని చుట్లు తిప్పిందో నేను లెక్కపెట్టలేదు. నా ధ్యాసంతా జాయింటు పళ్ల మీదే. అంబాసిడర్లు, జీపులు, లారీలు, ముప్పై మూడేళ్లలో వందసార్లు ఇలాగే కింద నేను, పైన ఇంకొకడు. చక్రాన్ని గిర్రున తిప్పేవాళ్లం. దాన్లో ఏముందని, ఇనుప కడ్డీ, దాని మీద ఒక చట్రం.

"ఏమండీ, ఏదో టక్‌మంది."

"నీ గాజులే."

"నేను గాజులు తీసి పెట్టే కూర్చున్నాను."

"అయితే నీ బుర్ర. తిప్పు!"

దిగింది. ఆ చప్పుడు ఎలా ఉంటుందో బళ్ల కింద పడుకున్నవాడికే తెలుసు. బోల్టు బిగించి కళ్లు మూసుకుని ఒక్క నిమిషం అలాగే పడుకున్నాను, ఆ కాగితాల మీద.

తరవాత అన్నీ సాఫీగా జరిగాయి, అదే నన్ను మోసం చేసింది. పైపులు బిగించాను, ఆయిలు పోశాను, స్టీరింగ్ అటూ ఇటూ ఆడించి పైపుల్లో గాలి తీశాను. ముందు చక్రాల వరస సరిచేయడానికి ఇక్కడ పెద్ద మిషన్లు ఉంటాయట. నాకు అక్క దేవుడి గదిలో పూలు కట్టే దారం చాలు. వెనక చక్రం నుంచి ముందు చక్రం దాకా దారం లాగి కట్టి, రెండు వైపులా కన్ను పెట్టి చూసి, టై రాడ్డు పావు చుట్టు, మళ్లీ అందులో సగం. భీమశంకరం మేస్త్రీ కన్ను నా కన్నులోనే ఉంది. నాలుగింటికి కారు కిందికి దించి స్టార్ట్ చేశాను. దూడ అరుపు లేదు. చుక్క లీకు లేదు. చిటికెనవేలితో తిరుగుతోంది చక్రం. డ్రైవ్‌వేలో ముందుకీ వెనక్కీ నడిపాను. నాకు నవ్వొచ్చింది, చాలా రోజులకి.

బావ వచ్చాడు. చేతిలో అట్ట, అట్టకి ఒక కాగితం. ఇన్‌స్పెక్షన్‌లో ఏమేం చూస్తారో రాసుకొచ్చాడు. లైట్లు, టిక్. బ్రేకు, టిక్. లీకు, వంగి చూసి మరీ టిక్.

"హారన్."

నొక్కాను. ఏమీ రాలేదు. ఇంకోసారి గుద్దాను. లేదు.

"అదేంటి, హారన్ పనిచేసేది కదా?" అని బావ కిటికీలోంచి తల లోపల పెట్టాడు. "ఆ రెడ్ లైట్ ఏంటి?"

అప్పటిదాకా నేను చూడలేదు. ఎదురుగా మీటర్ల పక్కన, కూర్చున్న మనిషి ఒళ్లో బంతి పెట్టుకున్నట్టు బొమ్మ, ఎర్రగా వెలుగుతోంది.

"ఎయిర్‌బ్యాగ్ లైట్ అది" అన్నాడు బావ. "ఇది ఇంతకుముందు లేదు."

"పాత బండి కదా బావా. వైరు ఏదో లూజై ఉంటుంది."

"నువ్వు ఏం ముట్టుకున్నావ్?"

"నేను కింద ఉన్నాను. పైన చక్రం దగ్గర కూర్చుంది ఆవిడ." నోట్లోంచి వచ్చేసింది. "ఆవిడే తిప్పింది, ఇష్టం వచ్చినట్టు."

రజిని నా వైపు చూసింది. వంగి, నేల మీద ఆయిల్లో నానిన కాగితాలు ఒక్కొక్కటే ఒలుస్తూ ఎత్తింది. ఒకటి దులిపి వెలుతురుకి పట్టి చూసి, పక్కన పెట్టింది. ఇంకొకటి. మూడోదాని దగ్గర ఆగింది. దాని మీద నా వీపు అచ్చు పడి ఉంది, కానీ అక్షరాలు కనపడుతున్నాయి. పెద్ద అక్షరాలు, చుట్టూ డబ్బా గీసి.

ఇంగ్లీషులో కూడబలుక్కుని చదివి, తెలుగులో చెప్పింది.

"జాయింటు విప్పేముందు సీటుబెల్టుని చక్రంలోంచి దూర్చి బకిల్ పెట్టేయండి, చక్రం కదలకుండా. చక్రం కింద రిబ్బను చుట్టలాంటి వైరు ఉంటుంది. ఎయిర్‌బ్యాగ్‌కీ హారన్‌కీ కరెంటు దాన్లోంచే పోతుంది. చక్రం వదులుగా ఉన్నప్పుడు గిరగిరా తిప్పితే అది తెగుతుంది." కాగితం దించింది. "టక్‌మంది అన్నాను."

డ్రైవ్‌వేలో ఆకులు రాలుతున్నాయి. అంబాసిడర్‌లో రిబ్బను లేదు అని అరవాలనిపించింది. ఎవరి మీద?

"ఆవిడ కాదు బావా" అన్నాను. "నేనే తిప్పించాను. మీ కాగితం వీపు కింద వేసుకున్నాను."

బావ అట్ట మీద ఏదో రాసుకున్నాడు. కోపం వస్తే ఆయన అరవడు, రాసుకుంటాడు. దానికన్నా అరవడమే నయం.

"ఈ లైట్‌తో నేను కారు టైటిల్ నీ పేరు మీద సైన్ చెయ్యలేను ఆంజనేయులూ. రేపు యాక్సిడెంట్ అయితే ఎయిర్‌బ్యాగ్ తెరుచుకోదు. హారన్ లేకుండా ఇన్‌స్పెక్షన్ పాసవ్వదు. డీల్ ఏంటి మనది?"

"ముప్పై ఏళ్లు బ్యాగుల్లేని బళ్లే నడిపాను."

"అది విజయవాడ."

"అవును, ఇది కాదు. రోజుకి పదిసార్లు చెప్తూనే ఉన్నారుగా అందరూ."

అక్క తలుపు తీసుకుని బయటికొచ్చింది. "ఏంటి ఇద్దరూ రోడ్డు మీద?" అంది. బావ అట్ట చంకలో పెట్టుకున్నాడు, నేను పానాలు ఏరుకున్నాను.

ఆ రిబ్బను పార్టు పాత కార్ల యార్డులో దొరుకుతుంది. యార్డు ఆదివారం మూడింటికే మూసేస్తారు. సోమవారం ఎనిమిదింటికి తెరుస్తారు. టోనీ దగ్గర ఏడింటికి ఉండాలి. ట్రక్ తొమ్మిదికి. ఎటు తిప్పి చూసినా కుదరలేదు.

"ఆ టోనీ దగ్గరే ఉండదా ఆ పార్టు?" అంది రజిని.

"మొదటి రోజే నేను పాడుచేసిన బండి తీసుకుని ఆయన దగ్గరికి పోనా? ఏం చెప్పమంటావ్, చక్రం తిప్పకూడదని తెలీని మెకానిక్కు వచ్చాడనా?"

"చెప్పకండి. రేపు బస్తాలు మొయ్యండి." లేచి వెళ్లిపోయి, ఫోను తెచ్చి నా ఒళ్లో పడేసింది.

చేశాను. బావ ముందే, మా ఆవిడ ముందే, నా వచ్చీరాని ఇంగ్లీషులో. కారు, ర్యాక్, ఎర్ర లైటు, హారన్ లేదు. అవతల టీవీలో ఏదో ఆట చప్పుడు.

"చక్రం తిప్పావా?" అన్నాడు టోనీ.

"మా ఆవిడ తిప్పింది. నేను తిప్పమన్నాను."

ముసలాయన నవ్వాడు. దగ్గు వచ్చేదాకా నవ్వాడు. తన జన్మలో ఆయన రెండు తెంపాడట, రెండోది కస్టమర్ పక్కనే ఉండగా. షెల్ఫులో ఒకటి పడి ఉంది, సరిపోతుందేమో చూద్దాం, ముందు నీ బండే బాగుచెయ్, తరవాత వేరేవాళ్లవి, అన్నాడు. ఫోను పెట్టేశాడు. దయతో అన్నాడో, వేళాకోళానికి అన్నాడో ఇప్పటికీ తెలీదు.

బావ అంతా విన్నాడు. "ఈ కారు రోడ్డెక్కడానికి వీల్లేదు" అని మొదలెట్టి, అక్క మొహం చూసి ఆగాడు. "సరే. రేపు నేను ముందు నా కారులో వెళ్తా, హజార్డ్ లైట్లు వేసుకుని. నువ్వు నా వెనకే రావాలి. స్పీడు గంటకి ముప్పై మైళ్లు దాటకూడదు. ట్రక్ వాడికి నేను ఫోన్ చేస్తా." మళ్లీ లోపలికి పోయాడు. ప్రింటర్ చప్పుడు వినపడింది.

సోమవారం ఆరున్నరకి బయల్దేరాం. ముందు బావ, వెనక లైట్లు మిణుకుమిణుకుమంటూ, శవయాత్రకి ముందు నడిచే మనిషిలా. వెనక నేను. పక్క సీట్లో రజిని, వచ్చేటప్పుడు బావ కారులో వెనక్కి పోతానని. ఆవిడ ఒళ్లో ఆ రిబ్బను ఎలా మార్చాలో బావ తీసిన ఆరు కొత్త కాగితాలు, క్లిప్పు పెట్టి. డిక్కీలో నా పానాలు గలగలమంటున్నాయి.

తిన్నగా ఉన్న రోడ్డు మీద ఒకసారి చక్రం మీంచి రెండు చేతులూ తీశాను. కారు దారం లాగినట్టు సూటిగా పోయింది. వెంట్రుకవాసి కూడా ఎటూ లాగలేదు. ఆ సంగతి ఏ కాగితంలోనూ లేదు, ఎవరూ టిక్కు పెట్టరు.

"చేతులు పెట్టండి" అంది రజిని.

డనెల్లెన్ ముందు సిగ్నల్ దగ్గర ఆగాం. కాసేపు ఎర్రలైటు చూశాను, బయటిదీ లోపలిదీ.

"చదువు" అన్నాను.

"ఏంటి?"

"ఆ కాగితాలు. మొదట్నుంచి."

గొంతు సవరించుకుంది. ఇంటర్ పాసైన గొంతు. "ఒకటి. పని మొదలెట్టేముందు బ్యాటరీ వైరు తీసి పది నిమిషాలు ఆగాలి."

"అది నాకు తెలుసు."

"తెలిస్తే నిన్న ఎందుకు తియ్యలేదు?"

సిగ్నల్ పచ్చగా మారింది. ముందు బావ కారు కదల్లేదు. అద్దంలో నన్నే చూస్తున్నాడో, ఏం రాసుకుంటున్నాడో. నా చెయ్యి అలవాటు కొద్దీ హారన్ మీదికి పోయింది. గట్టిగా నొక్కాను. అది మెత్తగా లోపలికి దిగింది, అంతే. నొక్కుతూనే ఉన్నాను.